వెంటిలేటర్ మీద జ్వరం, ఎక్స్‌రేలో నీడ: నిమోనియా అని ఎప్పుడు అనాలి?

ప్రశ్న: అమలాపురంలో ఎనిమిది పడకల ఐసీయూలో డ్యూటీ డాక్టరుగా పనిచేస్తున్నాను. క్లోర్‌పైరిఫాస్ పురుగుమందు తాగిన 46 ఏళ్ల వరి రైతు ఒకాయన అయిదు రోజులుగా వెంటిలేటర్ మీద ఉన్నారు. షుగరు ఉంది. నిన్న 40 శాతం ఆక్సిజన్‌తో పీఏఓటూ (రక్తంలో ఆక్సిజన్ పీడనం) 104 ఉంటే, ఈ ఉదయం 50 శాతంతో 80కి దిగింది. జ్వరం 101.6. తెల్లకణాలు 16,400. ట్యూబులోంచి తెమడ చిక్కగా, పసుపుపచ్చగా వస్తోంది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో నీడ ఉంది. బీపీ 118/70, దానికి మందులేమీ అక్కర్లేదు. విషానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ డ్రిప్ ఇంకా నడుస్తోంది, నాడి 134, పొట్ట ఉబ్బింది. చేరిన రోజు నుంచీ సెఫ్‌ట్రయాక్సోన్ (యాంటీబయోటిక్) ఇస్తున్నాం. మూడో రోజు అలవాటు ప్రకారం పంపిన తెమడ కల్చర్‌లో అసినెటోబ్యాక్టర్ అనే క్రిమి వచ్చింది. కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్ మొదలుపెట్టమని మా సీనియర్ గారు అంటున్నారు. మా దగ్గర బ్రాంకోస్కోప్ (ఊపిరితిత్తుల్లోకి దింపి చూసే గొట్టం) లేదు, కల్చర్ కాకినాడ వెళ్లాలి. ఇది నిమోనియాయేనా? ఉన్నవాటితో ఎలా తేల్చుకోవాలి? రాత్రి తీసిన శాంపిలు పొద్దున పంపితే పనికొస్తుందా?

సమాధానం: డాక్టరు గారూ, నిమోనియా కావచ్చు. అయితే మీరు రాసిన ప్రతి లక్షణానికీ ఇంకో కారణం కూడా మీ ఉత్తరంలోనే ఉంది. అందుకే ముందు ట్యూబు నుంచి కొత్త శాంపిలు తీయండి, తర్వాత అట్రోపిన్ సంగతి చూడండి, యాంటీబయోటిక్ మాట ఆ తర్వాత. బీపీ నిలబడి ఉంది కాబట్టి మీకు కొన్ని గంటల వ్యవధి ఉంది. బీపీ పడిపోయినా, ల్యాక్టేట్ పెరుగుతున్నా ఆగొద్దు. శాంపిలు తీసిన అయిదు నిమిషాల్లో మొదటి డోసు పడాలి.

అందరినీ తప్పుదోవ పట్టించేది మూడో రోజు కల్చరే కాబట్టి దానితో మొదలుపెడతాను. ట్యూబు వేసిన రెండు మూడు రోజుల్లోనే దాని లోపలి గోడకు క్రిముల పొర పడుతుంది. ఆ తర్వాత ఎప్పుడు తెమడ తీసి పంపినా ఏదో ఒకటి పెరుగుతుంది. మన ఐసీయూల్లో ఆ ఏదో ఒకటి తరచుగా అసినెటోబ్యాక్టరో, క్లెబ్సియెల్లానో, సూడోమోనాసో అవుతుంది. ట్యూబులో క్రిమి ఉందని ఆ రిపోర్టు చెప్పగలదు. ఊపిరితిత్తిలో జబ్బు ఉందో లేదో చెప్పలేదు. నిమోనియా ఉందా అన్నది పేషెంటును, ఫిల్మును, ఆక్సిజన్‌ను చూసి మనం తేల్చుకోవాలి. ఉందని తేలాక అది ఏ క్రిమి అని చెప్పడమే కల్చర్ పని. అనుమానం లేని రోజున కల్చర్ పంపే అలవాటు మాన్పించండి. ఆ రిపోర్టు చేతికొచ్చాక దానికి మందు రాయకుండా ఉండడం ఎవరికైనా కష్టం. క్యాండిడా వచ్చినా ఇదే మాట: తెమడలో క్యాండిడా కనబడిందని ఫంగస్ మందు మొదలుపెట్టొద్దు.

ట్యూబు వేసి 48 గంటలు దాటాక వచ్చిన నిమోనియానే వెంటిలేటర్ నిమోనియా అంటాం. కొత్తగా వచ్చిన లేదా పెరుగుతున్న నీడ ఉండాలి. దానితోపాటు జ్వరం, తెల్లకణాల్లో మార్పు, చీములాంటి తెమడ, ఈ మూడింటిలో రెండు ఉండాలి. మనమంతా వాడే కొలమానం ఇదే, కానీ ఇది ఎంత వదులైనదో తెలుసుకుని వాడాలి. వెంటిలేటర్ మీద చనిపోయిన 25 మంది ఊపిరితిత్తులను పరీక్షించి 1999లో బార్సిలోనా వైద్యులు దీన్ని సరిచూశారు. నిమోనియా ఉన్నవాళ్లలో 69 శాతాన్ని పట్టుకుంది, లేనివాళ్లలో 75 శాతాన్ని లేదని సరిగా చెప్పింది. అంటే నిమోనియా లేని ప్రతి నలుగురిలో ఒకరికి ఉన్నట్టు చూపించింది.

స్కోరు వేసినా ఇదే ఇబ్బంది. 1991లో వచ్చిన సీపీఐఎస్ (నిమోనియా అనుమానాన్ని అంకెల్లో కొలిచే స్కోరు) ప్రకారం మీ పేషెంటుకు జ్వరానికి 1, తెల్లకణాలకు 1, చీము తెమడకు 2, ఆక్సిజన్ నిష్పత్తికి (పీఏఓటూను ఇస్తున్న ఆక్సిజన్ వంతుతో భాగిస్తే వచ్చేది, ఇవాళ 80/0.5 = 160) 2, ఒకచోట ఉన్న నీడకు 2, కలిపి 8. ఆరు దాటితే నిమోనియా అనుకోవాలని దాని లెక్క. కానీ తెమడ గడ్డకట్టి ఊపిరితిత్తి కింది భాగం (లోబ్) ముడుచుకుపోయి, అట్రోపిన్ ఎక్కువై ఒళ్లు కాలుతున్న పేషెంటుకు కూడా సరిగ్గా ఈ 8 వస్తుంది. యాంటీబయోటిక్ మొదలుపెట్టడానికి ఈ స్కోరు మీద ఆధారపడొద్దని 2016 అమెరికన్ మార్గదర్శకాలు చెప్పాయి. ఇన్‌ఫెక్షన్, వాపులను సూచించే రక్తపరీక్షలు ప్రోక్యాల్సిటోనిన్, సీఆర్‌పీల గురించీ అదే మాట అన్నాయి. ప్రోక్యాల్సిటోనిన్‌కు డబ్బు పెట్టాలనుకుంటే మందు ఆపేటప్పుడు పెట్టండి, అక్కడ అది ఉపయోగపడుతుంది.

ఇక అట్రోపిన్. డెల్టాలో పురుగుమందు కేసులు చూసే ప్రతి ఐసీయూలో ఈ పొరపాటుకు చోటుంది. అయిదో రోజున నాడి 134, ఉబ్బిన పొట్ట, జ్వరం కలిసి కనబడితే ముందు అనుమానించాల్సింది అట్రోపిన్ మోతాదునే. చంకలో చెయ్యి పెట్టి చూడండి, పొడిగా వేడిగా ఉందా. పేగుల చప్పుడు వినండి. మత్తుమందు తగ్గించినప్పుడు చేతులతో గాలిలో ఏదో ఏరుతున్నట్టు చేస్తున్నారా గమనించండి. ఇవి ఉంటే డ్రిప్ ఆపి ప్రతి 30 నిమిషాలకూ చూడండి. లక్షణాలు సర్దుకున్నాక మునుపటి వేగంలో 70–80 శాతంతో మళ్లీ పెట్టండి. పూర్తిగా తీసేసి మర్చిపోవద్దు. క్లోర్‌పైరిఫాస్ కొవ్వులో దాక్కుని మళ్లీ రక్తంలోకి వస్తుంది. చెమట పట్టినా, నాడి తగ్గినా, రెండు వైపులా చెమ్మ చప్పుడు వినబడినా మందు చాలడం లేదని అర్థం. చప్పుడు ఒకే వైపు, ఒకే చోట వినబడితే అది అట్రోపిన్ తక్కువై వచ్చింది కాదు. అక్కడ ఆస్పిరేషనో, నిమోనియానో ఉంది.

అట్రోపిన్ జ్వరం తెచ్చి ఊరుకోదు. తెమడను ఎండగట్టి గడ్డలు చేస్తుంది. ఆ గడ్డ ఒక శ్వాసనాళాన్ని మూసేస్తే దాని వెనక ఉన్న భాగం ముడుచుకుపోతుంది, ఫిల్ములో నీడ పడుతుంది, ఆక్సిజన్ ఒక్కసారిగా పడుతుంది. రాత్రికి రాత్రి నిష్పత్తి 260 నుంచి 160కి దిగడం ఈ కథకు బాగా సరిపోతుంది. తెమడ పసుపు రంగును చూసి కంగారు పడకండి. అయిదు రోజుల ట్యూబు మీద నాళాల వాపు ఒక్కటే ఉన్నా ఆ రంగు వస్తుంది. తెల్లకణాలు విషప్రభావానికే 16 వేలు దాటగలవు, హైడ్రోకార్టిసోన్ ఇస్తుంటే ఇంకా పెరుగుతాయి.

కాబట్టి శాంపిలు తీసిన వెంటనే ఊపిరితిత్తిని తెరవడానికి ప్రయత్నించండి. ఇన్‌స్పైర్డ్ గాలికి తేమ సరిగా అందుతోందా చూడండి. హెచ్‌ఎంఈ ఫిల్టరు (శ్వాసలోని వేడి, తేమలను పట్టి ఉంచేది) తెమడతో మూసుకుపోయి ఉంటే మార్చండి. వేడి హ్యూమిడిఫయర్ వాడుతుంటే అందులో స్టెరైల్ నీళ్లే పోయాలి. కుడి వైపు పైకి వచ్చేలా ఎడమ పక్కకు తిప్పి, ఫిజియోథెరపీ చేయించి, సక్షన్ చేసి, 12 నుంచి 24 గంటల లోపు మళ్లీ ఫిల్ము తీయించండి. ముడుచుకున్న లోబ్ తెరుచుకుంటే నీడ ఒక్క రోజులో తేలిపోతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరి వచ్చిన నీడ కూడా మూత్రం మందుకు అలాగే తగ్గుతుంది. నిమోనియా నీడ ఒక్క రోజులో పోదు.

ఫిల్ము విషయంలో మీ టెక్నీషియన్‌తో ఒక్కసారి కూర్చుని మాట్లాడితే చాలా లాభం. పోర్టబుల్ మిషన్‌తో పడుకోబెట్టి తీసిన ఫిల్ములో గుండె పెద్దదిగా కనబడుతుంది, కింది లోబ్‌లు మసకబారతాయి. రోజూ ఒకే దూరం, ఒకే ఎక్స్‌పోజర్, పడక తల ఒకే ఎత్తులో పెట్టి తీస్తేనే నిన్నటితో పోల్చగలం. వీలైతే గాలి పూర్తిగా లోపలికి వెళ్లిన క్షణంలో తీయమనండి. చదివేటప్పుడు ముందు ట్యూబు కొన చూడండి, కెరీనాకు (శ్వాసనాళం రెండుగా చీలే చోటు) 3–5 సెంటీమీటర్లు పైన ఉండాలి. జారి కుడి నాళంలోకి దిగితే ఎడమ ఊపిరితిత్తి మూసుకుపోతుంది, దాన్ని చూసి నిమోనియా అన్న సందర్భాలు తక్కువేమీ కాదు. తర్వాత చేరిన రోజు ఫిల్మును పక్కన పెట్టి చూడండి. పురుగుమందు తాగినవాళ్లు వాంతిలోనో, శ్వాసనాళంలో ట్యూబు వేయకుండా కడుపు కడిగినప్పుడో ఆ ద్రావకాన్ని ఊపిరితిత్తుల్లోకి పీల్చి ఉంటారు. వెల్లకిలా పడుకున్న మనిషికి అది కుడి కింది భాగంలోకే ఎక్కువగా చేరుతుంది. ఆ నీడ మొదటి 48 గంటల్లోనే ఉంటే ఇవాళ్టి నీడ కొత్తది కాదు. పాతది పెరిగిందా, అలాగే ఉందా అన్నదే అప్పుడు ప్రశ్న.

పీసీపీఎన్‌డీటీ (గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ) చట్టం కింద నమోదైన పోర్టబుల్ అల్ట్రాసౌండ్ మీ ఆసుపత్రిలో ఉంటే దాన్ని పడక దగ్గరకు తెప్పించండి. చంక వెనక గీత మీద, డయాఫ్రం పైన ప్రోబ్ పెట్టి చూడండి. కాలేయంలా గట్టిపడిన ఊపిరితిత్తి కనబడి, అందులో తెల్లటి గాలి గీతలు ప్రతి శ్వాసకూ ముందుకు కదులుతుంటే నాళం తెరిచే ఉందని, అది గడ్డ అడ్డుపడి ముడుచుకున్న భాగం కాదని గట్టిగా చెప్పొచ్చు. గీతలు కదలకపోతే మాత్రం రెండింటిలో ఏదైనా కావచ్చు. చుట్టూ నీరు చేరిందేమో కూడా ఇక్కడే తెలుస్తుంది. చేరి ఉంటే సూదితో తీసి పంపండి.

జ్వరానికి ఛాతీ ఒక్కటే కారణమనుకోకండి. సెంట్రల్ లైన్ ఎన్నో రోజు, చేతి మీద డ్రిప్ పెట్టిన చోట ఎర్రబడిందా, మూత్రం గొట్టం, ముక్కు గొట్టం వల్ల సైనస్, కాలి సిరలో గడ్డ, వీటన్నిటినీ ఓసారి చూసేయండి.

శాంపిలు గురించి మీరు బాధపడుతున్నంత అవసరం లేదు. బ్రాంకోస్కోప్‌తో లోతు నుంచి తీసిన శాంపిలుకూ, ట్యూబు నుంచి మామూలుగా తీసిన శాంపిలుకూ పోటీ పెట్టిన కెనడా అధ్యయనంలో, 2006లో, 740 మందిని చూస్తే మరణాల్లో తేడా రాలేదు. 2016 అమెరికన్ మార్గదర్శకాలు ట్యూబు శాంపిలునే ముందు ఎంచుకున్నాయి. 2017 యూరోపియన్ మార్గదర్శకాలు లోతు శాంపిలు వైపు మొగ్గాయి. అమలాపురంలో ఉన్న మీకు ట్యూబు శాంపిలు చాలు. సరిగా తీయాలి, అంతే.

ముందు నోరు, ట్యూబు చుట్టూ ఉండే బుడగ (కఫ్) పైభాగం వేరే గొట్టంతో శుభ్రం చేయించండి. ఒక నిమిషం 100 శాతం ఆక్సిజన్ ఇవ్వండి. కొత్త స్టెరైల్ సక్షన్ గొట్టం తీసుకోండి. క్లోజ్డ్ సక్షన్‌లో రోజులుగా వేలాడుతున్న గొట్టంతో తీస్తే దాని మీది క్రిములే కల్చర్‌కు వెళతాయి. 8 నంబరు ట్యూబుకు 12 ఫ్రెంచ్, 7.5కు 10 ఫ్రెంచ్ సరిపోతుంది. మధ్యలో మ్యూకస్ ట్రాప్ (తెమడ పట్టే సీసా) బిగించి, సక్షన్ లేకుండా గొట్టాన్ని ఆగేదాకా దింపి, ఒక సెంటీమీటరు వెనక్కి లాగి, అప్పుడు సక్షన్ ఇవ్వండి. పీడనం 150 మి.మీ. పాదరసం దాటకూడదు, సమయం 15 సెకన్లు దాటకూడదు. సెలైన్ పోయొద్దు. అది తెమడను పలచన చేసి లెక్క చెడగొడుతుంది, ట్యూబు గోడ మీది పొరను కూడా లోపలికి తోసేస్తుంది. ఒకటి రెండు మిల్లీలీటర్లు వస్తే చాలు. అదే సమయంలో రెండు వేర్వేరు చోట్ల నుంచి రక్తం కల్చర్‌కు తీయండి, ఒక్కో సీసాకు 8–10 మి.లీ. నిమోనియా ఉన్నా రక్తంలో క్రిమి దొరికేది నూటికి 15 మందిలో మాత్రమే. కానీ దొరికితే ఎంతో విలువైనది, అది ఊపిరితిత్తి నుంచి కాక లైను నుంచి వచ్చిందేమో కూడా ఆలోచింపజేస్తుంది.

శాంపిలు కాకినాడ బండెక్కే ముందే అందులోంచి ఒక చుక్క స్లైడు మీద రాసి, ఆరనిచ్చి, ఊళ్లోనే గ్రామ్ స్టెయిన్ (క్రిములకు రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) చేయించండి. మైక్రోస్కోప్, రంగులు ఉన్న ఏ ల్యాబ్ అయినా గంటలో చెప్పగలదు. లో పవర్‌లో ఒక్కో ఫీల్డుకు పొలుసు కణాలు 10 మించితే అది నోటి ఉమ్మి, మళ్లీ తీయండి. న్యూట్రోఫిల్స్ (చీములో ఉండే తెల్లకణాలు) 25 మించి ఉంటే శాంపిలు నమ్మదగినది. అలాంటి మంచి శాంపిలులో క్రిములే కనబడకపోతే వెంటిలేటర్ నిమోనియా ఉండే అవకాశం బాగా తగ్గిపోతుంది. ఈ ఒక్క స్లైడు ఈ సాయంత్రం మీకు కల్చర్ కంటే ఎక్కువ పనికొస్తుంది. మీ పేషెంటు విషయంలో ఇంకో అనుకూలత ఉంది. సెఫ్‌ట్రయాక్సోన్ అయిదు రోజులుగా మార్పు లేకుండా నడుస్తోంది. కొత్త నిమోనియా తెచ్చిన క్రిమి ఆ మందుకు లొంగనిదే అయి ఉంటుంది కాబట్టి ఇప్పుడు తీసే కల్చర్ చాలావరకు నమ్మదగినదే. కొలిస్టిన్ ఒక్క డోసు పడ్డాక తీస్తే ఆ నమ్మకం ఉండదు.

కల్చర్‌ను లెక్కతో చేయమని ల్యాబ్‌ను అడగండి. ట్యూబు శాంపిలులో మిల్లీలీటరుకు పది లక్షల కాలనీలు నిమోనియా వైపు చూపిస్తాయి, లక్ష నుంచి పది లక్షల మధ్య ఉంటే పేషెంటును చూసి నిర్ణయించాలి. లెక్క చేయలేమంటే, ప్లేటు మీద పెరుగుదల కొద్దిగానా, మధ్యస్థంగానా, దట్టంగానా అన్నదైనా రాయించుకోండి. గొట్టం గుడ్డిగా లోతుకు దింపి 20 మి.లీ. సెలైన్‌తో కడిగి తీసే మినీ లావేజ్ కూడా ఒకటుంది, అందులో హద్దు 10,000. గుడ్డిగా దింపిన గొట్టం ఎక్కువగా కుడి వైపే వెళుతుంది, మీ పేషెంటు నీడా కుడి వైపే. అయినా నిష్పత్తి 160 ఉన్నవాళ్ల మీద మొదటిసారి నేర్చుకోవద్దు. పోసిన నీళ్లతో ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది.

రైతు, షుగరు, వరి చేలో బురద పని, ఈ మూడూ కలిసిన మనిషిలో మెలియాయిడోసిస్ అనే క్రిమి జబ్బును మర్చిపోవద్దు. సార్వా నాట్లు, వర్షాల కాలంలో ఇది ఎక్కువ. ఈ క్రిమి మట్టిలో, చేల నీళ్లలో ఉంటుంది, వెంటిలేటర్ మీదకు రాకముందే లోపల చేరి ఉండొచ్చు. ల్యాబ్‌లో దీన్ని సూడోమోనాస్ జాతి అని రాసేసి ఊరుకునే ప్రమాదం ఉంది. ఆక్సిడేజ్ పాజిటివ్‌గా ఉండి, జెంటామైసిన్‌కూ కొలిస్టిన్‌కూ లొంగక, కో-అమాక్సిక్లావ్‌కు లొంగే గ్రామ్ నెగెటివ్ క్రిమి వస్తే వెంటనే ఫోన్ చేయమని ఫారం మీదే రాయండి. దానికి మెరోపెనెమ్ లేదా సెఫ్టాజిడిమ్ కనీసం 10–14 రోజులు నరానికి, ఆ తర్వాత కో-ట్రైమాక్సజోల్ కనీసం 12 వారాలు నోటికి ఇవ్వాలి. వారం రోజుల కోర్సుతో వదిలేస్తే తిరగబెడుతుంది.

సీనియర్ గారితో మాట్లాడేటప్పుడు కొలిస్టిన్ గురించి ఒక విషయం ముందు పెట్టండి. కిడ్నీల భయం అందరికీ తెలిసిందే. పాలిమిక్సిన్లు, అమైనోగ్లైకోసైడ్లు నరం నుంచి కండరానికి వెళ్లే సందేశాన్ని కూడా అడ్డుకుంటాయి. విషం వల్ల ఇప్పటికే మెడ ఎత్తలేని, శ్వాస కండరాలు చచ్చుబడిన మనిషికి అవి వెంటిలేటర్ రోజులను పెంచగలవు. అందుకని ఈ పేషెంటుకు కొలిస్టిన్ చిట్టచివరి మందు. వేరే మందుకు లొంగే దారి ఉంటే అదే వాడాలి.

సాయంత్రానికి మీ చేతిలో మూడు విషయాలుంటాయి: గ్రామ్ స్టెయిన్, అట్రోపిన్ తగ్గించాక జ్వరం నాడి ఎలా ఉన్నాయో, సక్షన్ తర్వాత ఆక్సిజన్ నిష్పత్తి. నిష్పత్తి తిరిగి 240 దాటి, స్లైడులో క్రిములు లేకపోతే కొత్త యాంటీబయోటిక్ లేకుండా కళ్లలో వత్తులు వేసుకుని చూడొచ్చు. నిష్పత్తి కదలక, స్లైడు నిండా న్యూట్రోఫిల్స్, ఒకే రకం క్రిములు ఉంటే నిమోనియా అని ఒప్పుకుని మీ ఐసీయూలో గత నెలల రిపోర్టుల ఆధారంగా మందు మొదలుపెట్టండి. మొదలుపెట్టిన గంట, దానికి కారణం కేస్ షీటు మీద రాయండి. మూడో రోజు ఉదయం మళ్లీ నిర్ణయం తీసుకోవాలని కూడా అక్కడే రాసి పెట్టండి. ఆ రోజు కల్చర్‌లో హద్దు కంటే తక్కువ వచ్చి, పేషెంటు కోలుకుంటుంటే మందు ఆపేయండి. క్రిమి తేలితే దానికి సరిపోయే ఒక్క మందుకు దిగండి. మామూలుగా ఏడు రోజులు చాలు. ఫ్రాన్స్‌లో 401 మంది మీద ఎనిమిది రోజులనూ పదిహేను రోజులనూ పోల్చిన 2003 అధ్యయనంలో మరణాల్లో తేడా లేదు. సూడోమోనాస్ వంటి క్రిములున్నవాళ్లకు మాత్రం తక్కువ రోజుల కోర్సులో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది, వాళ్లను ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఫిల్ములో నీడ మిగిలిందని మాత్రం మందు పొడిగించకండి, నీడ చెదరడానికి వారాలు పడుతుంది.

బయట కూర్చున్న ఇంటివాళ్లకు కూడా ఈ రెండు దశలూ చెప్పండి. 'నెమ్ము చేసిందేమోనని అనుమానం, పరీక్షకు పంపాం, మూడో రోజు చెబుతాం' అంటే అర్థం చేసుకుంటారు. ఇవాళ నెమ్మని చెప్పి మూడో రోజు మందు ఆపితేనే వాళ్లకు అనుమానం వస్తుంది.

రాత్రి శాంపిలు సంగతి. తెమడ రెండు గంటల్లో ల్యాబ్ చేరాలి. ఎదుర్లంక వంతెన, యానాం మీదుగా కాకినాడకు ఎంత లేదన్నా దాదాపు గంటన్నర, కాబట్టి పగలు తీసిన వెంటనే మనిషినిచ్చి పంపితేనే ఆ సమయం సరిపోతుంది. రాత్రి తీస్తే 2–8 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టి 24 గంటల లోపు ఐస్ ప్యాక్‌లతో పంపండి. ఫ్రీజర్‌లో పెట్టొద్దు, ఫార్మలిన్ సీసాలో వేయొద్దు. బయట గది వేడిలో వదిలేస్తే తెల్లారేసరికి క్రిములు పెరిగిపోయి లెక్కంతా తప్పవుతుంది. రక్తం కల్చర్ సీసాలు దీనికి పూర్తిగా విరుద్ధం, వాటిని ఫ్రిజ్‌లో పెట్టకుండా గది ఉష్ణోగ్రతలోనే పంపాలి. ఫారం మీద శాంపిలు తీసిన గంట, ట్యూబు ఎన్నో రోజు, నడుస్తున్న యాంటీబయోటిక్, షుగరు, వరి రైతు అన్న మాట, ప్లేట్లను నాలుగు రోజుల దాకా పారేయొద్దన్న విన్నపం రాయండి. కింద రాత్రి కూడా ఎత్తే ఫోన్ నంబరు ఇవ్వండి.